యుద్ధం చూడని హోల్డాల్

నేను ఒక హోల్డాల్‌ని. అంటే ఏమిటని మీలో సగం మంది అడగబోతున్నారని నాకు తెలుసు. ఈ రోజుల్లో నా గురించి చెప్పుకోవాలంటే ముందు నా జాతి గురించి చెప్పుకోవాల్సి వస్తోంది. చక్రాల పెట్టెలు పుట్టకముందు, రైలెక్కే పెద్దమనుషుల వెనక కూలీ నెత్తిమీద ఒక లావుపాటి చుట్ట ఊరేగుతూ వచ్చేది. మందపాటి కాన్వాసు గుడ్డ, రెండు చివర్లా రెండు పెద్ద జేబులు, నడుముకి తోలు పటకాలు. విప్పి పరిస్తే పక్క, చుట్టి కట్టేస్తే సామాను. ఆ చుట్టనే నేను. కూలీలు నన్ను బిస్తరా అనేవారు. నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో సూరాయమ్మ అనే ముసలావిడ మాత్రం పరుపుచుట్ట అనేది, అదీ మూతి విరిచి.

నాది కాన్పూరు. మిలటరీ గుడారాల కోసం నేసిన కాన్వాసు నాది. తానులో ఒకచోట నేత పలచబడిందని, గుడారానికి పనికిరాదని నన్ను పక్కన పడేశారు. ఆ గుడ్డముక్కని ఒక చిన్న దుకాణంవాడు చవగ్గా కొనుక్కెళ్ళి హోల్డాల్‌గా కుట్టాడు. అంటే నేను లోకంలోకి రాకముందే మిలటరీ నన్ను వద్దనేసింది. నేను దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. రంగు మిలటరీది కాబట్టి నేనూ మిలటరీయే అని తీర్మానించేసుకుని, దుకాణం కొక్కేనికి వేలాడుతూనే యుద్ధాల గురించి కలలు కనడం మొదలుపెట్టాను.

నన్ను కొన్నది గంధం సత్తిరాజు. తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరివాడు, ఫిరంగి దళంలో కొత్తగా చేరిన సిపాయి. పెళ్ళికని సెలవు దొరికింది. మిలటరీవాడు ఊళ్ళో దిగితే చంకలో హోల్డాల్ ఉండాలి, లేకపోతే ఏ మిల్లులోనో పనిచేసి వస్తున్నాడనుకుంటారని అతని భయం. నాలో పెట్టడానికి అతని దగ్గర సామానేమీ లేదు. దారిలో పాత వార్తాపత్రికలు కొని నా పొట్ట నింపాడు. గూడెం స్టేషనులో దిగినప్పుడు ఊరి జనమంతా నన్ను చూసి ఎంత సంపాదించుకొచ్చాడో అనుకున్నారు. నా మిలటరీ జీవితం అలా ఒక అబద్ధంతో మొదలైంది.

పెళ్ళికూతురు పేరిందేవి. సన్నగా, నల్లగా, పెద్ద పెద్ద కళ్ళతో ఉండేది. అంతకుముందు ఆమె చేసిన అతి పెద్ద ప్రయాణం ద్వారపూడి సంత దాకా. పెళ్ళయిన కొన్నాళ్ళకి సత్తిరాజు ఆమెను తన దళం ఉన్న ఝాన్సీకి తీసుకెళ్ళడానికి వచ్చాడు. వెళ్ళే రోజున పేరిందేవి నాకు తొలిసారి సామాను సర్దింది. పరుపు, దుప్పట్లు, రెండు దిండ్లు.

"ఆవకాయ వద్దు. బండిలో కారిందంటే పరువు పోద్ది," అని సత్తిరాజు ఖచ్చితంగా చెప్పాడు.

"అలాగేనండీ," అంది పేరిందేవి. అని, అతను బయటికి వెళ్ళగానే జాడీ తెచ్చి పరుపు మధ్యలో దూర్చి పటకాలు బిగించేసింది.

బెజవాడలో బండి మారేటప్పుడు కూలీ నన్ను దబ్బున పడేశాడు. జాడీ మూత ఊడింది. ఝాన్సీ చేరేసరికి నా కడుపు నిండా నూనె. ప్లాట్‌ఫారం మీద నన్ను ఎత్తుకున్న సిపాయి ముక్కు ఎగబీల్చి, "అన్నా, ఇందులో ఏముంది?" అని అడిగాడు. సత్తిరాజు భార్య వైపు చూశాడు. ఆమె ఆకాశం వైపు చూసింది. ఆ మరక ఇప్పటికీ నామీద ఉంది. కొత్తవాళ్ళెవరైనా చూస్తే అది యుద్ధంలో తగిలిన దెబ్బ అనుకోవాలని నా కోరిక. కాకపోతే వాన పడినప్పుడల్లా ఆవకాయ వాసన వేసి నా పరువు నేనే తీసుకుంటాను.

ఝాన్సీలో సిపాయిల క్వార్టర్లు. ఒక గది, ఒక వంటిల్లు, బయట కొళాయి. మొదటి రోజే పక్కింటావిడ వచ్చి తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "గోదాంబరి" అంది. ఆమె గఢ్వాల్ కొండల మనిషి. అది ఆమె పేరు. పేరిందేవికి మాత్రం గోదావరి అని వినబడింది. అంతే, ఆమె రెండు చేతులూ పట్టుకుని, "మాదీ ఆ పక్కేనమ్మా! ఏ ఊరు మీది? కొవ్వూరా, నర్సాపురమా?" అంటూ గుక్కతిప్పుకోకుండా మాట్లాడేసింది. గోదాంబరికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎవరో తనని చూసి అంత సంతోషించడం ఆమెకు నచ్చినట్టుంది. తిరిగి తన భాషలో అంతే వేగంగా మాట్లాడింది. ఆ విధంగా ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థంకాకుండానే ప్రాణ స్నేహితులయ్యారు. తర్వాత అర్థమయ్యాక కూడా ఆ స్నేహం చెడలేదు, అది విశేషం.

పేరిందేవికి హిందీ నేర్పింది ఆమే. అల్లిక నేర్పింది కూడా ఆమే. కూతురు పుట్టాక, పాప పడుకున్నప్పుడల్లా పేరిందేవి సూదులు పట్టుకుని కూర్చునేది. ఆ పాపకు ఝాన్సీ అనే పేరు పెట్టారు. ఊరికి ఉత్తరం రాయిస్తే, పిల్లకి రైల్వే స్టేషను పేరేమిటని అత్తగారు సూరాయమ్మ తిట్టిపోసింది. ఒక చలికాలమంతా అల్లి పేరిందేవి మొగుడికి స్వెట్టరు తయారుచేసింది. చేతులు రెండూ బాగా పొడుగైపోయాయి. సత్తిరాజు వేసుకుని నిలబడితే చేతి వేళ్ళు కనబడలేదు.

"ఇది నాకా, మన పొలంలో దిష్టిబొమ్మకా?"

"చలికి చేతులు కూడా దాచుకోవచ్చండీ. కొన్నవాటికి ఆ సుఖం ఉంటదా?"

సత్తిరాజు దాన్ని మడతపెట్టి భద్రంగా నాలో దాచాడు. అంటే ఇక జన్మలో వేసుకోనని అర్థం.

తర్వాత బదిలీ వచ్చింది. పంజాబులో సరిహద్దుకి దగ్గరలో ఉన్న కంటోన్మెంటు. గోదాంబరి స్టేషనుకి వచ్చి ఏడ్చింది. చిరునామాలు రాసుకునేంత చదువు ఇద్దరికీ లేదు. ఝాన్సీ స్టేషనులో విడిపోయిన ఆ ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. ఆ తర్వాత వచ్చిన యుద్ధం ముగిశాక చాలా ఏళ్ళపాటు, గోదాంబరి మొగుడు బతికి వచ్చాడా లేదా అని పేరిందేవి ఎవరినైనా అడిగి తెలుసుకోగలిగేదే. కానీ అడగలేదు. అడిగితే తెలిసిపోతుందేమోనని.

పంజాబులో కొడుకు వీర్రాజు పుట్టాడు. వాడికి పాకడం వచ్చేసరికి యుద్ధం వచ్చేలా ఉందని అందరూ అనుకోవడం మొదలైంది. కుటుంబాలన్నింటినీ సొంత ఊళ్ళకు పంపేశారు. పేరిందేవి గోనెసంచీలో బట్టలు మూటకట్టుకుని, నన్ను మాత్రం మొగుడి కోసం సర్దింది. నా ఆనందం చెప్పలేను. ఇన్నాళ్ళకి నేను యుద్ధానికి వెళ్తున్నాను! స్వెట్టరుని ఆమె అన్నిటికన్నా పైన, చేతికి అందేలా పెట్టింది.

"ఏసుకోండి," అంది.

"ఏసుకుంటాన్లే," అన్నాడు సత్తిరాజు.

స్టేషనులో అంతకుమించి ఏమీ మాట్లాడుకోలేదు. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళేటప్పుడు ఏవో గొప్ప మాటలు చెప్పుకుంటారని నేను ఎదురుచూశాను. పాపం, వాళ్ళకేమీ తట్టలేదు.

ఇక నా యుద్ధం సంగతి. ముందు వరసలో ఉండి, మన ఫిరంగి గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి వైర్‌లెస్‌లో చెప్పే చిన్న జట్టులో సత్తిరాజుని వేశారు. వాళ్ళు వీపున ఒక చిన్న సంచీ మాత్రం తగిలించుకుని వెళ్ళిపోయారు. నాలాంటి లావుపాటివాళ్ళందరినీ వెనక శిబిరంలో సామాన్ల గదిలో పడేశారు. యుద్ధం జరిగినన్నాళ్ళూ నేను చేసిందల్లా నా తోలుపటకా కొరుకుతున్న ఎలకతో పోరాడటం. అందులో కూడా గెలిచింది ఎలకే.

యుద్ధం ముగిసింది. పక్కనున్న హోల్డాల్స్‌ని ఎవరి మనుషులు వచ్చి వాళ్ళు తీసుకెళ్ళారు. నాకోసం ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకి నాకు ఒక అట్టముక్క కట్టి రైలెక్కించారు.

అప్పటికే ఊరికి కబురు వచ్చింది: సత్తిరాజు కనబడటం లేదు. అంతే, అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. గూడెం నుంచి ఎడ్లబండి మీద నన్ను ఇంటికి తెచ్చారు. వాకిట్లో దించగానే సూరాయమ్మ నామీద పడి గుండెలు బాదుకుంది.

"ఆడి పక్క వచ్చేసిందే... ఆడు రాలేదే... నా కొడుకు నేలమీద పడుకున్నాడే!"

ఊరంతా మూగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. గెలిచి తిరిగి వచ్చి వాకిట్లో దిగాలని ఎన్ని కలలు కన్నాను! చివరికి చావు కబురులాగా వచ్చి పడ్డాను.

పేరిందేవి చంకలో పిల్లాడితో వచ్చింది. అత్తగారిని మెల్లిగా పక్కకి జరిపి, పటకాలు విప్పి, ఒక్కొక్కటే బయటికి తీసింది. దుప్పటి. తువ్వాలు. గడ్డం గీసుకునే గిన్నె. ఆ తర్వాత స్వెట్టరు. తను పెట్టిన మడత తను పెట్టినట్టే ఉంది. ఆమె దాన్ని విప్పి చూసింది, వాసన చూసింది. జనమంతా ఎదురుచూశారు. ఆడది ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు పడిపోతుంది అని.

"చూశారా అత్తయ్యా, ఏసుకోలేదు," అంది పేరిందేవి కోపంగా. "ఆ చలిలో దీన్ని ఇక్కడ పడేసి వెళ్ళాడు. రానివ్వండి, చెప్తాను."

రానివ్వండి. ఆ మాట విని జనం ఒక్కొక్కరే ఇళ్ళకి కదిలారు.

నెలలు గడిచాయి. సత్తిరాజు పెదనాన్న ఊరి పెద్దల్లో ఒకాయన. అరుగు మీద కూర్చుని కోడల్ని పిలిపించాడు. మంచివాడే, మాట కూడా మెత్తగానే చెప్పాడు.

"అమ్మాయ్, అందరికీ బాధగానే ఉంది. కానీ చెయ్యాల్సిన కార్యక్రమం చెయ్యకపోతే ఆడి ఆత్మకి శాంతి ఉండదు. గాజులయ్యీ తీసేసి..."

"కనబడతాలేదన్నారు గానీ, లేడన్లేదు కదండీ మావయ్యగారూ," అంది పేరిందేవి. "మీ గేదె సాయంత్రం ఇంటికి రాకపోతే పలుపుతాడు తీసి పారేత్తారా? లాంతరు పట్టుకుని ఎతుక్కుంటారు కదండీ."

పెదనాన్న కండువా దులుపుకుని లేచి వెళ్ళాడు. కొడుకుని గేదెతో పోల్చిందని సూరాయమ్మ మాత్రం మళ్ళీ కొత్తగా ఏడవడం మొదలుపెట్టింది.

ఆ ఏడు శ్రావణమాసంలో ఎదురింటివాళ్ళు పేరంటానికి పిలిచారు. పిలవాలా వద్దా అని వాళ్ళు చాలాసేపు తర్జనభర్జన పడ్డారని తర్వాత తెలిసింది. పేరిందేవి వెళ్ళి అందరితోపాటు చాప మీద కూర్చుంది. బొట్టు పెడుతూ వస్తున్న ఆ ఇంటావిడ వరసగా అందరికీ పెట్టి, ఈమె దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. చెయ్యి గాల్లో ఉండిపోయింది. పాపం ఆమెది తప్పు కాదు, ఏం చెయ్యాలో తెలియలేదు. పేరిందేవి భరిణ అందుకుని, తన బొట్టు తనే పెట్టుకుని, భరిణ తిరిగి ఇచ్చేసి, "శనగలు ఇవ్వమ్మా, పిల్లలు చూత్తా ఉంటారు," అంది. ఇంటికి వచ్చాక మాత్రం గది తలుపు వేసుకుని, చుట్టి పెట్టి ఉన్న నామీద మొహం ఆనించి ఏడ్చింది. ఆ రోజు ఆమె ఏడవగా చూసింది నేనొక్కడినే. అప్పుడు కూడా నా బుద్ధి పోనిచ్చుకోలేదు: ఇంకాస్త తడిస్తే ఆ ఆవకాయ వాసన బయటికొచ్చి పరువు తీస్తుందేమోనని కంగారుపడ్డాను.

తర్వాత కబురు వచ్చింది. సత్తిరాజు బతికే ఉన్నాడు. అవతలి దేశంలో ఖైదీగా ఉన్నాడు. సూరాయమ్మ వీధిలోకి పరిగెత్తి కనబడినవాళ్ళందరితో, "మా కోడలు గాజులు తీసేత్తానంటే నేనే వద్దన్నానమ్మా! తల్లి మనసుకి తెలీదా!" అని చెప్పుకుంది. పేరిందేవి వాకిట్లో నిలబడి విన్నది. ఒక్క మాట కాదనలేదు.

ఖైదీల్ని వదిలిపెట్టినప్పుడు ఆమె పిల్లల్ని అత్తగారి దగ్గర ఉంచి, నన్ను చంకన పెట్టుకుని ఒక్కర్తే ఉత్తరాదికి బయల్దేరింది. ఒకప్పుడు సంత దాటి ఎరగని ఆ పిల్లే! బండిలో ఆమె హిందీ విని పక్కనున్న పెద్దాయన, "మీది గఢ్వాలా?" అని అడిగాడు. గోదాంబరి యాసంతా ఆమె నాలుక మీదే ఉండిపోయింది మరి.

మిలటరీ ఆస్పత్రిలో వరసగా మంచాలు. చివరి మంచం మీద ఉన్న మనిషి సత్తిరాజు అని నేను పోల్చుకోలేకపోయాను. బుగ్గలు లోపలికి పోయాయి. గుండు పక్కనే పేలి ఒక చెవికి వినికిడి పూర్తిగా పోయింది, రెండోదానికి సగం. పేరిందేవి వెళ్ళి ఎదురుగా నిలబడింది. అతను ఆమెని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. అంత కాలం తర్వాత భార్యతో అన్న మొదటి మాట:

"హోల్డాలు దొరికిందా?"

పేరిందేవి నవ్వింది. ఆస్పత్రి గది అదిరిపోయేలా నవ్వింది. నర్సు పరిగెత్తుకొచ్చింది. నవ్వు ఎప్పుడు ఏడుపుగా మారిందో నర్సుకి తెలియలేదు, సత్తిరాజుకి తెలియలేదు. నన్నే తలుచుకున్నాడనుకుని నేను మాత్రం ఆ రోజంతా గర్వంతో పొంగిపోయాను.

కథ అక్కడితో సుఖంగా ముగిసిందని ఊళ్ళో అందరూ అనుకున్నారు. దండలు వేశారు, బళ్ళో సభ పెట్టారు. సత్తిరాజు హవల్దారుగా పదవీ విరమణ చేసి, గూడెంలో ఒక బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగంలో చేరాడు. అసలు సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు. తలుపు దబ్బున పడితే ఆయన మంచం కిందికి దూరిపోయేవాడు. పళ్ళెం కింద పడితే చెమటలు పోసేవి. వినికిడి అంతగా పోయినా, పెద్ద చప్పుళ్ళు మాత్రం ఒంటికే వినబడేవి కాబోలు. అక్కడ ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా. పేరిందేవి అడగలేదు. పాత చీరలు చింపి, మడతలు పెట్టి, ఇంట్లో ప్రతి తలుపు అంచుకీ మెత్తలు కుట్టింది. మా ఇల్లు ఊళ్ళో అన్నిటికన్నా నిశ్శబ్దమైన ఇల్లు అయింది.

దీపావళికి మాత్రం ఆ మెత్తలు పనిచెయ్యలేదు. ఊరంతా టపాకాయలు కాలుస్తుంటే ఏ తలుపు ఆపుతుంది? మొదటి ఏడాది ఆయన పరిస్థితి చూశాక, మరుసటి ఏడు పండగనాడు మధ్యాహ్నమే పేరిందేవి నన్ను కట్టి, "పదండి, సింహాచలం వెళ్ళొద్దాం," అంది. ఇద్దరూ బండెక్కారు. ఆమె ఎప్పుడు కనిపెట్టిందో గానీ, రైలు చప్పుడుకి మాత్రం ఆయన భయపడేవాడు కాదు. చక్రాల మోత చెవిలో పడగానే చంటిపిల్లాడిలా నిద్రపోయేవాడు. కిటికీ బయట దూరంగా ఊళ్ళలో తారాజువ్వలు లేస్తుండేవి. ఆమె కిటికీ రేకు దించేసి, ఆయన తల నామీద ఆనించి, పక్కన కూర్చునేది. మర్నాడు తిరుగు బండి. అప్పటినుంచీ ప్రతి దీపావళికీ ఇదే. ఒక ఏడు సింహాచలం, ఒక ఏడు బెజవాడ, ఒక ఏడు ఏ గుడీ లేని ఊరికి ఊరికే వెళ్ళి రావడం. ఇంటాయనకి జబ్బు అని చెప్పడం ఆమెకి ఇష్టం లేదు. అందుకని ఆ పేరు తనమీదే వేసుకుంది. "పేరిందేవికి పండగపూట తీర్థయాత్రల పిచ్చి, మొగుణ్ణి ప్రాణం తీసి తిప్పుద్ది," అని ఊళ్ళో చెప్పుకునేవారు.

పిల్లలు నానమ్మ దగ్గర ఉండేవారు. వీర్రాజుకి టపాకాయలుంటే చాలు. ఝాన్సీ మాత్రం వాకిట్లో నిలబడి ఏడ్చేది.

"అందరమ్మలూ ఇంట్లోనే ఉంటారు. నువ్వు ప్రతి పండక్కీ నన్నొదిలేసి వెళ్ళిపోతావు. నీకు నాన్నే ముఖ్యం!"

పేరిందేవి కూతురు తల నిమిరి బండెక్కేది. ఏ తల్లయినా ఆ మాట వింటే కారణం చెప్పుకుంటుంది. ఈమె చెప్పుకోలేదు. తండ్రిని పిల్లలు ఆ కంటితో చూడకూడదని పంతం. ఆ యాత్రలు మొదలయ్యాక ఆమె తన పిల్లలు కాకరపువ్వొత్తి కాల్చడం ఒక్కసారి కూడా చూడలేదు.

ఝాన్సీ పెద్దదైంది. ఒకనాడు కాగితం పట్టుకుని వచ్చి మిలటరీలో నర్సుగా ఎంపికయ్యానని చెప్పింది. సత్తిరాజు పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు.

"వద్దు. అంతే."

ఝాన్సీ తల్లి వైపు తిరిగింది. తల్లి కూడా వద్దంటుందనే అనుకుంది. పేరిందేవి లేచింది. మొగుడు సగం తిని వదిలేసిన పళ్ళెం తీసి పక్కన పెట్టి, మంచి చెవి ఉన్న వైపుకి వెళ్ళి కూర్చుంది.

"మీరు వెళ్ళినప్పుడు నన్నడిగారా?"

"అదీ ఇదీ ఒకటా?"

"కాదండి. మీరు వెళ్ళినప్పుడు నాకేమీ తెలీదు. ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా పంపుతానంటన్నాను. ఆస్పత్రిలో మిమ్మల్ని చూసుకున్న నర్సు కూడా ఒకమ్మ కన్నపిల్లే కదండీ."

ఆయన తల దించుకున్నాడు. ఆ సాయంత్రం ఆయనే అటకెక్కి నన్ను దించి దుమ్ము దులిపాడు.

ఈసారైనా నాకు గౌరవం దక్కుతుందనుకున్నాను. నర్సుల హాస్టల్లో అడుగుపెట్టగానే అమ్మాయిలందరూ సూటుకేసుల పక్కన నన్ను చూసి, ఇదేమిటి, చచ్చిన దున్నపోతా అని పడీపడీ నవ్వారు. మొదటి సెలవుకే ఝాన్సీ నన్ను ఇంట్లో దింపేసి, చక్రాల పెట్టె కొనుక్కుంది. మిలటరీ నన్ను వద్దనడం అది రెండోసారి.

ఆ తర్వాత ఒక దీపావళికి ఝాన్సీ సెలవు మీద ఊళ్ళోనే ఉంది. మధ్యాహ్నం తల్లి నన్ను కడుతుంటే చాలాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. ఆస్పత్రిలో ఆమె చాలామంది సిపాయిల్ని చూసి ఉంటుంది. గిన్నె పడితే ఉలిక్కిపడేవాళ్ళని, తలుపు మూస్తే గోడకి అతుక్కునేవాళ్ళని.

"అమ్మా, ఈ యాత్రలన్నీ ఇందుకేనా?" అంది.

పేరిందేవి పటకా బిగిస్తూ, "నీకు కూడా టికెట్టు తియ్యనా?" అంది.

ఆ ఏడు ముగ్గురూ వెళ్ళారు. ఝాన్సీ తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది, ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడుతున్న పిల్ల.

కొండల మీద యుద్ధం వచ్చిన వేసవిలో ఝాన్సీ అటువైపు ఆస్పత్రిలోనే ఉంది. టీవీలో శవపేటికలు చూపిస్తుంటే పేరిందేవి చప్పుడు తీసేసి బొమ్మ మాత్రం చూసేది. పక్కన కూర్చున్న సత్తిరాజు ఒకరోజు ఉన్నట్టుండి నోరు విప్పాడు. అన్నేళ్ళలో ఆయన అక్కడి సంగతి మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు.

"ఆ ఖైదు గదిలో చలికి వేళ్ళు కొంకర్లు పోయేయి. నీ స్వెట్టరు గుర్తొచ్చేది. పొడుగు చేతులని సిగ్గుపడి పడేసి వెళ్ళాను. ఎంత తిట్టుకున్నానో."

పేరిందేవి టీవీ మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "నేను ముందే చెప్పాను కదండీ, చేతులు కూడా దాచుకోవచ్చని," అంది. కాసేపయ్యాక ఆయన చేతుల్ని తన కొంగులోకి తీసుకుని కప్పింది. బయట వడగాలి కొడుతోంది.

ఝాన్సీ క్షేమంగానే వచ్చింది. ముసలితనం మాత్రం ఎవరినీ వదల్లేదు. సత్తిరాజు పక్షవాతం వచ్చి మంచానపడ్డాడు. పక్క తడిసిపోతోంది. ప్లాస్టిక్ గుడ్డ వేస్తే ఒళ్ళు పుళ్ళు పడుతోందని పేరిందేవి కాసేపు ఆలోచించి, కత్తెర తెచ్చి నా జేబులూ పటకాలూ కత్తిరించేసి, నన్ను నిలువునా విప్పి, దుప్పటి కింద పరిచింది. మందపాటి కాన్వాసు, నీరు దిగదు, ఒళ్ళు కాలదు. దేశ రక్షణకే పుట్టానని డంబాలు కొట్టిన నేను, చివరికి ఒక ముసలాయన మంచం మీద పక్క కింద గుడ్డనయ్యాను. మొదట్లో తల కొట్టేసినట్టనిపించింది. కానీ రోజూ పొద్దున్నే ఆ ముసలి చేతులు నన్ను కొళాయి దగ్గర ఉతికే తీరు చూశాక నోరు మూసుకున్నాను. ఆమె ఒక్కనాడు ముక్కు మూసుకోలేదు. నేనే మూసుకునేవాణ్ణి, నాకు ముక్కుంటే.

ఆయన పోయాక చాలా ఏళ్ళు బతికింది పేరిందేవి. మునిమనవణ్ణి ఎత్తుకుంది. చివర్లో ఆమెకు కూడా అదే మంచం, నేనే. ఉద్యోగం ముగించి వచ్చిన ఝాన్సీ తల్లి దగ్గరే ఉండిపోయి, ఎంతోమంది సిపాయిలకి చేసినట్టే చేసింది. ఆఖరి రోజుల్లో పేరిందేవికి మతి నిలవలేదు. ఒక సాయంత్రం ఆమె వేళ్ళు దుప్పటి దాటి వచ్చి నా గరుకు తడిమాయి. చాలాసేపు తడిమాయి. తర్వాత కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఏ స్టేషనమ్మా ఇది?"

ఝాన్సీ దుప్పటి సరిచేసింది. "ఇంకా రాలేదమ్మా. నువ్వు పడుకో. వస్తే నేను లేపుతాగా," అంది.

పేరిందేవి బుద్ధిగా పడుకుంది. మర్నాటి పొద్దుటికి ఆమె లేదు.

పోయినవాళ్ళ పక్క ఇంట్లో ఉంచుకోరు కదా; ఆయన పోయినప్పుడు నన్ను ఉంచుకున్నది పేరిందేవి పంతం. చాకలావిడకి ఇవ్వబోతే, "ఇదేం చేసుకోనండీ, కట్టుకోనా కప్పుకోనా?" అని పరుపు మాత్రం పట్టుకెళ్ళింది. మిలటరీ వద్దంది, హాస్టలు వద్దంది, ఆఖరికి చాకలావిడ కూడా వద్దంది. వీర్రాజు నన్ను పొలానికి తీసుకెళ్ళి బోరు మోటారు మీద కప్పాడు. వాన పడకుండా. ప్రస్తుతం నా పోస్టింగు అదే. చుట్టూ వరిచేలు, కొంగలు. యుద్ధాలేమీ లేవు.

మొన్న మోటారు కాలిపోతే బాగుచెయ్యడానికి గూడెం నుంచి మెకానిక్ వచ్చాడు. నన్ను ఎత్తి పక్కన పెట్టి, గుడ్డ అంచు వేళ్ళతో నలిపి చూశాడు.

"మంచి సరుకండీ. ఇలాంటిది ఇప్పుడు దొరకదు. మీ నాన్నగారి మిలటరీదా అండీ?"

వీర్రాజు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడడు.

"కాదు. మా అమ్మది."

"అమ్మగారు కూడా మిలటరీలో చేశారాండీ?"

వీర్రాజు చేల వైపు చూశాడు. మెకానిక్ మళ్ళీ పనిలో పడ్డాడు.

"చేసింది," అన్నాడు వీర్రాజు. "డిశ్చార్జి మాత్రం ఎవరూ ఇవ్వలేదు."